తమ్ముడు వేసిన సాఫ్ట్‌వేర్

మా తమ్ముడికి ఒకటే జబ్బు. బాగున్నదాన్ని బాగున్నట్టు ఉండనిచ్చేవాడు కాదు. కొత్త ఫోన్ కొన్నాడంటే చాలు, పెట్టెలోంచి తీసిన సాయంత్రానికే కంపెనీవాళ్లు వేసిన సాఫ్ట్‌వేర్ పీకేసి, ఎక్కడెక్కడివో ముక్కలు తెచ్చి తన సొంతది ఎక్కించేసేవాడు. "నాకేం కావాలో కంపెనీవాళ్లకేం తెలుసక్కా" అనేవాడు. "నీకేం కావాలో ముందు నీకు తెలుసా రా?" అని నేను.

ఫోన్లు బాగుచేసే షాపు నాది. బజారు మలుపులో, అద్దం తలుపు, లోపల ఒక బల్ల, ఒక దీపం, భూతద్దం. ఫోన్ విప్పడం వాడికి నేర్పింది నేనే. నా దగ్గర నేర్చుకుని, నా కంప్యూటర్ ముందే కూర్చుని, నన్నే 'కంపెనీ మనిషి' అని వెక్కిరించేవాడు దొంగవెధవ. పైగా ఇంటిల్లిపాదికీ అదే వైద్యం. మా ఆయన ఫోన్ మీద చెయ్యేశాడు, మర్నాడు అలారం మోగలేదు, ఆయన ఆఫీసుకి వెళ్లేసరికి మీటింగ్ అయిపోయి కప్పులు కడుగుతున్నారు. ఆయన ఇంటికొచ్చి నామీద అరిచారు. వాడిమీద అరవడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు, అలా నవ్వేవాడు.

వాడు పోయి ఏడాది దాటింది. పొద్దున బండి మీద పనికి బయల్దేరాడు, మలుపులో లారీ. ఇంతకంటే ఆ సంగతి నేను చెప్పను. నన్ను అడగొద్దు కూడా.

మొన్న మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ చూసి మా మరదలు వచ్చింది, వాడి భార్య. రక్త పరీక్షలు చేసే ల్యాబ్‌లో పని ఆ పిల్లకి. పొద్దున్నే ఇళ్లకి తిరిగి రక్తం తీసుకొచ్చి ఇవ్వాలి. రక్తం సీసాలు పెట్టుకునే చల్లటి డబ్బా భుజాన్నుంచి ఇంకా దించలేదు. ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "వదినా, దీంట్లో ఉన్నదంతా తీసేసి కంపెనీది వేసెయ్యండి" అంది.

ఈ మాట వినాలని నేనెన్నేళ్లు మొత్తుకున్నానో! "ఒరేయ్, నీ ఫోన్ నీ ఇష్టం, ఆ పిల్ల ఫోన్‌కైనా కంపెనీది ఉంచరా, పాపం పనిచేసుకునే పిల్ల" అని వాడి ప్రాణం తీసేదాన్ని. అలాంటిది, ఆ పిల్ల తనంతట తను వచ్చి అడుగుతుంటే నా నోటినుంచి ఏమొచ్చిందో తెలుసా?

"ఎందుకూ? బానే ఉందిగా!"

నామీద నాకే ఒళ్లు మండింది. ఆ ఫోన్‌లో వాడి చెయ్యి పడని చోటు లేదు. గడియారం అంకెలు వాడు గీసినవే. బ్యాటరీ అయిపోవస్తే గుర్తు ఎర్రగా మారడం కాదు, ముఖం ముడుచుకుంటుంది. అది చూసి నేనే తిట్టాను, చిన్నపిల్లల చేష్టలేమిట్రా అని. ఇప్పుడు దాన్ని తుడిచెయ్యాలంటే నాకు చేతులు రావడం లేదు.

ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. ఆఫ్ చేసే బటన్ లోపలికి దిగబడిపోయింది. దాని మీది నలుపంతా పోయి లోహం బయటపడింది. పదేళ్లు వాడిన ఫోన్‌కి కూడా అలా అవ్వదు.

"ఏమ్మాయ్, ఈ బటన్‌కి ఏం పట్టింది? గోడకేసి రుద్దావా?"

డబ్బా దించి ఒళ్లో పెట్టుకుంది.

"నిన్నే అడిగేది."

"ఆపుతుంటాను వదినా. మళ్లీ ఆన్ చేస్తుంటాను. మళ్లీ ఆపుతుంటాను."

"దేనికి?"

"ఆపితే ఆయన మాట్లాడతారు."

నాకు అర్థం కాలేదు. ఒక్కక్షణం ఈ పిల్లకి మతి చలించిందేమోనని భయపడ్డాను, నిజం చెప్తున్నా. అప్పుడు మెల్లగా చెప్పింది. పెళ్లయిన కొత్తలో వాడు తెల్లారకుండానే ఈ పిల్లని లేపకుండా పనికి వెళ్లిపోయేవాడట. చెప్పకుండా వెళ్తున్నాడని ఒకసారి అలిగిందట. ఆ మర్నాడు ఫోన్ ఆపితే, తెర ఆరిపోయేముందు వాడి గొంతు వినబడిందట. "ఇక నీ ఫోన్ కూడా నీకు చెప్పకుండా వెళ్లదులే" అన్నాడట వాడు.

"ఏమంటాడు?" అన్నాను.

"మామూలుగా ఏమంటారో అదే. వెళ్లొస్తానే, తలుపేసుకో అని."

బయట ఎవడో బండి స్టార్ట్ అవ్వక తన్నుతున్నాడు.

నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్లూ అని కోపం వచ్చింది. వాడి గొంతు ఈ బల్ల మీదున్న రేకుముక్కలో ఉందని తెలియక, నేను వాడి పాత చొక్కా ఒకటి బీరువాలో పెట్టుకుని దాంతో సరిపెట్టుకుంటున్నాను. కానీ ఎలా చెప్తుంది? అది మొగుడు పెళ్లాంతో అనే మాట. ఆడపడుచుకి వినిపించేదా?

"మరి అలాంటిది తీసెయ్యమంటావేంటే పిచ్చిమొహమా!" అని అరిచాను.

"నిన్న ఒక పెద్దాయన..." అని మొదలుపెట్టి ఆగింది. నీళ్లసీసా ఇచ్చాను. రెండు గుక్కలు తాగి చెప్పింది. షుగర్ పరీక్ష, పరగడుపున రక్తం తియ్యాలి. ఆయన ఏమీ తినకుండా ఈ పిల్ల కోసం కూర్చున్నాడు. ఇల్లు మారాను, ఫలానా చోటికి రా అని చెప్పడానికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఫోన్ స్విచాఫ్. ఈవిడగారు ఆయన పాత ఇంటి మెట్ల మీద కూర్చుని ఆపుతూ, ఆన్ చేస్తూ ఉంది. ఆయన కళ్లు తిరిగి గుమ్మంలో పడిపోయాడు. తల పగిలి కుట్లు పడ్డాయి.

"నేను వెళ్లి చూశాను వదినా. నన్ను ఒక్క మాట అనలేదాయన. నీకేం కష్టమొచ్చిందమ్మా అని అడిగారు." అప్పటిదాకా బిగబట్టుకున్నది అక్కడ ఏడ్చేసింది. "పొద్దున లేస్తే ఇదే పని. బస్సులో ఇదే. అన్నం ముందు ఇదే. ఒక్కసారే అనుకుంటాను. ఒక్కసారితో ఆగదు. నావల్ల కావడం లేదు. మీరు ఆపండి."

నేను ఆపాలట! నేనేం చేశానో చెప్పనా? సాకులు వెతికాను. కంపెనీ ఫైలు చాలా పెద్దది, దిగడానికి రేపటిదాకా పడుతుందన్నాను. మధ్యలో కరెంటు పోతే ఫోన్ మొత్తం చచ్చూరుకుంటుందన్నాను. ఈ మోడల్‌కి సరైన కేబుల్ లేదన్నాను.

"కేబుల్ మీ చేతిలోనే ఉంది వదినా" అంది.

చూసుకుంటే నిజమే, వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను.

"సరే, వేరే ఫోన్ ఇస్తా. పనికి అది పట్టుకెళ్లు. ఇది ఇంట్లో ఉంచు."

"ఇది ఇంట్లో ఉంటే నేను పనికి వెళ్లను. ఇంట్లోనే కూర్చుంటాను."

"అయితే నా దగ్గరుంచు."

"రోజూ ఇక్కడికొస్తాను. మీరు తలుపేసినా వస్తాను."

అదీ నిజమే. నేను తలుపు వెయ్యను కూడా. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వాడిని ఆపుతూ, ఆన్ చేస్తూ ముసలివాళ్లమైపోతాం.

చివరికి, "పోనీ ఆ గొంతొక్కటీ ఫైలుగా తీసి పెట్టనా?" అన్నాను. "కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ ఆపినప్పుడు అదంతట అది పలకదు, అది కుదరదు. కానీ కావాలనుకున్నప్పుడు నొక్కితే వినబడుతుంది, పాట పెట్టుకున్నట్టు."

ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఊఁ అంటుందనే ఆశ, అది నాకోసం.

"నేను నొక్కితే పలికేది నాకెందుకు వదినా? పెళ్లి వీడియోలో ఉందిగా గొంతు. నేనడక్కుండా ఆయనే గుర్తుపెట్టుకుని చెప్తున్నట్టుంటుంది ఇందులో. అదే నాకు కావాలి. అదే నన్ను తినేస్తోంది." ముఖం తుడుచుకుంది. "మీకు కావాలంటే మీరు తీసుకోండి. నాకు మాత్రం చెప్పకండి తీసుకున్నారో లేదో."

కేబుల్ గుచ్చాను. ఫోటోలు, నంబర్లు, ల్యాబ్ కాగితాలు అన్నీ పక్కకి తీసి, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోమన్నాను. చూసుకుంది. ఆ పిల్ల చూసుకుంటున్నంతసేపూ నా కళ్లు ఇంకో చోట ఉన్నాయి. వాడి ఫైళ్లన్నీ నా ముందు తెరిచే ఉన్నాయి. ఆ గొంతు ఎక్కడుందో వెతకక్కర్లేదు, వాడు ఏది ఎక్కడ పెడతాడో నాకు కొట్టినపిండి. ఒక్క వేలు కదిపితే నా కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది.

తీసుకోలేదు. గొప్పకి కాదు. అది ఈ పిల్లకి చెప్పిన మాట, తలుపు ఈ పిల్లని వేసుకోమన్నాడు. నన్ను కాదుగా. నేను దాచుకుని దొంగచాటుగా వింటే, వేరేవాళ్ల గది బయట నిలబడ్డట్టుంటుంది. కానీ కావాలనిపించింది, చాలా కావాలనిపించింది. ఆ కోరికకి నా పళ్లు నొప్పెట్టాయి.

"ముందు ఫోన్ ఆపాలి" అన్నాను. "ఆపితేగానీ పని మొదలవదు."

"తెలుసు. మీకూ వినిపించాలనే వచ్చాను. లేకపోతే ఈ వీధిలోనే ఇంకో షాపు ఉందిగా."

నా వీధిలో ఇంకో షాపు పేరెత్తిన మనిషిని నేను ఊరుకోను. ఆ పిల్లని ఊరుకున్నాను. ఫోన్ సౌండు మొత్తం పెంచింది. డబ్బా పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, లోపలికి దిగబడిన ఆ బటన్ గోటితో నొక్కి పట్టుకుంది.

తెర మసకబారింది.

"వెళ్లొస్తానే, తలుపేసుకో."

అచ్చం వాడే. పండగ గొంతు కాదు, ఫోన్‌లో మాట్లాడే గొంతు కాదు. చెప్పులేసుకుంటూ ఒంటికాలి మీద నిలబడి, తాళాలు వెతుక్కుంటూ, మనసు అప్పటికే బండి మీద ఉన్నవాడి గొంతు. వెనక తాళాల చప్పుడు కూడా ఉంది. ఏడాదిగా నేను ఏ చొక్కాలోనూ వెతికి పట్టుకోలేకపోయింది అదే.

నేను కుర్చీలోంచి లేచి నిలబడి అరిచేశాను. "ఒరేయ్ ఆగరా! తిని వెళ్లు!"

అద్దం తలుపు అవతల నడిచిపోతున్న మనిషి ఆగి లోపలికి చూశాడు. తెర నల్లగా ఆరిపోయింది.

నేను నిలబడే ఉన్నాను. ఇంత వయసొచ్చిన దాన్ని, వైరు గుచ్చిన ఫోన్‌ని పట్టుకుని కేకలేశాను. సిగ్గేసింది. కూర్చుని, ఏమీ జరగనట్టు రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకున్నాను. తెర మీద హెచ్చరిక వచ్చింది. ఉన్నదంతా చెరిగిపోతుంది, మళ్లీ రాదు, సమ్మతమైతే పై బటన్ నొక్కు అని.

నా షాపులో ఒక పద్ధతి ఉంది. ఆ చివరి బటన్ నేను నొక్కను. ఎవరి ఫోనో వాళ్లే నొక్కాలి. రేపు నా ఫోటోలు ఏవి, నా నంబర్లు ఏవి అని నామీదికి రాకుండా పెట్టుకున్న పద్ధతి. ఫోన్ ఆ పిల్ల ముందుకి జరిపాను. ఆ ఒక్క పూట ఆ పద్ధతి నా ప్రాణానికి హాయిగా ఉంది.

బొటనవేలు బటన్ మీద పెట్టింది. నా వంక చూసింది. నేను తల ఊపాను. నొక్కింది.

కంప్యూటర్‌లో గీత కదలడం మొదలైంది. వాడు గీసిన అంకెలు, ముడుచుకున్న ముఖం, అన్నీ పోతున్నాయి, వాటి మీద కంపెనీది వచ్చి కూర్చుంటోంది. చెయ్యడానికి ఇంకేం లేదు, చూస్తూ కూర్చోవడమే. నాకు కన్నీళ్లు ఆగడం లేదు, బల్ల మీది దీపం నా ముఖానికే కొట్టేలా తిప్పి ఉందన్న ధ్యాస కూడా లేదు.

మరదలు చెయ్యి చాపి ఆ దీపం ఆర్పింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోకుండా నా చేతి మీద వేసింది.

"తినే వెళ్లారు వదినా" అంది. "ఆరోజు నేనే పెట్టాను. ఇంకొంచెం వెయ్యవే అని అడిగి మరీ తిన్నారు."