నూనె రాసిన ఆకులు

ఆకు కింద ఎడమ అరచెయ్యి ఆనించి, పైన తడిగుడ్డతో తొడిమ నుంచి కొనదాకా తుడవాలి. ఎదురు తుడిస్తే ఆకు తొడిమ దగ్గర విరుగుతుంది. పెద్దామె ఈ పని కళ్ళు మూసుకునైనా చేయగలదు. ఇవాళ మాత్రం చేతులు ఒకచోట, కళ్ళు మరోచోట ఉన్నాయి. కళ్ళు పక్క కుండీ మీద ఉన్నాయి.

ఆఫీసు ముందు హాల్లో రెండు కుండీలు పక్కపక్కనే పెట్టారు. ఒకదానిలో ఆమె పెంచిన రబ్బరు మొక్క, రెండోదానిలో అచ్చం అలాగే చేసిన ప్లాస్టిక్ మొక్క. మేనేజరు ఇవాళ రెండింటినీ చూసి ఏ సంగతో తేల్చేస్తానన్నాడు. ఏది నచ్చితే కింది అంతస్తులన్నిట్లో అదే. నిజం మొక్కలు నిలిస్తే ఆమె పని నిలుస్తుంది. లేకపోతే ఈ భవనంలో నీళ్ళు పోసే మనిషితో ఎవరికీ పనిలేదు.

ప్లాస్టిక్ మొక్కను చూసి కుళ్ళుకునే మనిషి ఉంటుందా అంటే, ఇదిగో ఉంది. దానికి ఆకు పండదు, పురుగు పట్టదు. సెలవులకు అందరూ వెళ్ళిపోయి కిటికీలు మూసేసినా మొహం వేలాడేయదు. తన మొక్కలు అలా కావు. ఏసీ గాలి పడక వాడిపోయినవాటిని వ్యానెక్కించి నర్సరీకి పంపి, కోలుకున్నాక తెచ్చుకోవాలి. దాన్ని ఆమె పుట్టింటికి పంపడం అంటుంది. తను మాత్రం పెళ్ళయ్యాక పుట్టింట్లో నాలుగు రోజులు స్థిమితంగా ఉన్నది లేదు.

"అక్కా, నీ అన్నం డబ్బా ఇంట్లోనే మర్చిపోయి వచ్చావు. అత్తయ్య ఇచ్చి పంపింది," అంటూ చిన్నామె వచ్చింది.

ఇద్దరూ ఒకే ఇంటి తోటికోడళ్ళు. అది తెలిసినప్పటి నుంచి ఆఫీసులో అందరూ వీళ్ళను పెద్దామె, చిన్నామె అనే పిలుస్తారు. చిన్నామెది పై అంతస్తుల్లోని ప్లాస్టిక్ మొక్కలకు దుమ్ము దులిపే పని. ఆ పనిలో చేర్పించింది పెద్దామే. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "మా చెల్లెల్లాంటిది" అని చెప్పి మరీ చేర్పించింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పైవాళ్ళంతా "మీ అంతస్తు ఎంత పచ్చగా ఉందమ్మా" అని చిన్నామెను మెచ్చుకుంటారు. ఇంట్లో అత్తగారు కూడా అంతే. "చిన్నది పని నుంచి వచ్చినా మొహం కడిగిన ముత్యంలా ఉంటుంది, పెద్దది పొద్దున లేస్తూనే అలిసిపోయి ఉంటుంది," అంటుంది. వాడిపోయే మొక్కల వెంట తిరిగే మనిషి అలిసిపోక ఏం చేస్తుంది? ఆ సంగతి ఎవరికీ పట్టదు.

"అక్కడ పెట్టు," అంది పెద్దామె, తలెత్తకుండా.

చిన్నామె డబ్బా పెట్టి, మొక్క దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఏదో అనబోయి మానుకుని వెళ్ళిపోయింది.

కనిపెట్టేసిందేమోనని పెద్దామె మొక్కకు అడ్డంగా జరిగింది. ఆ ఆకులకు వారంనుంచి నూనె రాస్తోంది మరి. ఎవరో పనిమీద వచ్చినాయన ప్లాస్టిక్ మొక్కను చూసి "ఎంత కళగా ఉందో" అని, ఆమె మొక్క వైపు చెయ్యి చూపించి "ఇది ప్లాస్టిక్‌దా?" అని అడిగాడు. ఆ మాటకు ఆమెకు రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి చిన్న సీసాలో నూనె పోసుకుని కొంగు చాటున తెచ్చింది. ఆకు గాలి పీల్చుకుంటుంది, జిడ్డు తగలనివ్వకూడదు అని చిన్నామెకు ఒకప్పుడు చెప్పింది తనే. తెలిసే రాసింది. అడుగు ఆకులు అప్పుడే మెత్తబడి వాలుతున్నాయి. వాటిని గుట్టుగా కత్తిరించి సంచిలో వేసుకుంటోంది. మిగిలినవి మాత్రం అద్దాల్లా మెరుస్తున్నాయి.

మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. చిన్నామె కూడా గుడ్డ పట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. ఆయన రెండు కుండీల చుట్టూ తిరిగాడు.

"వీటిలో అసలుది ఏదమ్మా?"

"ఇదే సార్!" అంది పెద్దామె. ఆమె ప్రాణం లేచొచ్చింది. పక్కదాన్ని ఓడించానన్న సంతోషంతో చిన్నామె వైపు ఓ చూపు కూడా విసిరింది.

"భలే పెంచావే. తేడాయే తెలియడం లేదు." ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. "తేడా లేనప్పుడు ఇక ఈ నీళ్ళూ, మట్టీ, పురుగులూ... ఈ గోలంతా మనకెందుకు చెప్పు? ప్లాస్టిక్‌వే పెట్టించేద్దాం."

ఆ మెరుపు ఆకుది కాదు, నూనెది అని చెప్పాలి. చెబితే మోసం బయటపడుతుంది, చెప్పకపోతే పని పోతుంది. ఆ రెండింటి మధ్య ఆమె నిలబడి ఉండగానే ఆయన లిఫ్టెక్కేశాడు.

చిన్నామె దగ్గరికొచ్చింది. "పొద్దున్నే వాసన వచ్చిందక్కా. చెప్తే నీ పరువు పోతుందని ఊరుకున్నా."

"నా పరువు కోసమా? నీ మొక్క గెలుస్తుందని ఊరుకున్నావు!"

"నా మొక్కేంటక్కా? దుమ్ము తుడిస్తే నాదైపోతుందా?" చిన్నామె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సార్‌ని నేను అడుగుతాను. చెరో రెండంతస్తులు తుడుచుకుందాం."

"నీ చేతి కింద నేనా!"

అన్నాక కానీ పెద్దామెకు తెలియలేదు, ఇన్నేళ్ళూ తన కడుపులో మండుతున్నది ఆ మాటేనని. చిన్నామె గుడ్డ మడుచుకుని మెట్లెక్కింది.

సాయంత్రం నర్సరీ వ్యాను వచ్చింది. మొక్కలన్నీ ఎక్కించాక పెద్దామె ఒంటరిగా హాల్లోకి వచ్చింది. కత్తెర తీసి, ప్లాస్టిక్ మొక్క నడిమధ్య నవనవలాడుతున్న ఆకునొకదాన్ని కరుక్కున కత్తిరించి కుండీ వెనక్కి విసిరింది. చల్లబడలేదు ఆమె కడుపు. వెళ్ళి వ్యాను వెనక, తన రబ్బరు మొక్కను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. దారంతా దాని ఆకుల నూనెను చీర చెంగుతో తుడుస్తూనే ఉంది. మొక్క నర్సరీలో ఎక్కువ రోజులు బతకలేదు.

ఆమె మళ్ళీ ఆఫీసుకు రాలేదు. నర్సరీలో మట్టి కలిపే పనికి కుదిరానని ఇంట్లో చెప్పింది. తోటికోడళ్ళిద్దరూ ఒకే పొయ్యి మీద వండుతున్నారు కానీ మాటలు మాత్రం అవసరానికే.

ఇప్పుడు కింది అంతస్తులు కూడా చిన్నామే తుడుస్తోంది. ఒకరోజు కుండీ జరిపితే వెనక ఆకు దొరికింది. కొసన కత్తెర గాటు చూడగానే ఎవరి పనో ఆమెకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. దుమ్ము తుడిచి కిటికీ గట్టు మీద పెట్టింది. తెంపి నెల దాటినా ఆ ఆకు ఇంకా పచ్చగానే ఉంది.