బాగానే ఉన్నాం

కరెంటు పోయి నాలుగో రోజు. బావిలో మోటారుకి కరెంటు లేదు కాబట్టి నీళ్లూ లేవు. స్నానాల తొట్టిలో ముందే పట్టి ఉంచిన నీళ్లు బకెట్‌తో ముంచి, టాయిలెట్‌లో పోసి, గ్లెనిస్ నడుం పట్టుకుని గోడకి ఆనుకుంది. అరవై ఎనిమిదేళ్ల ఒంటితో చెయ్యాల్సిన పని కాదిది. రోజుకి ఆరుసార్లు అసలే కాదు.

తొమ్మిదేళ్ల కిందట ఇంగ్లండులో, హల్ ఊళ్లో ఇల్లు అమ్ముకుని, ఇక్కడ కెనడాలో, నోవా స్కోషియా సముద్రం ఒడ్డున గానెట్ కోవ్‌లో ఇల్లు కొనుక్కున్నారు మొగుడూ పెళ్లాం. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని క్లైవ్ మురిసిపోయాడు. ఆ సముద్రమే ఏటా ఆకురాలే కాలంలో ఇంటి మీదికొస్తుందని ఇల్లు అమ్మినవాడు చెప్పాడా? వాడెందుకు చెబుతాడు. మొదటి ఏడు తొట్టి నింపుకోవడం తెలియక, చూరు కింద గిన్నెలు పెట్టి వాన నీళ్లు పట్టుకున్నారు. ఇప్పుడు నింపుకోవడం వచ్చింది. తుఫాను కబురు రాగానే కొవ్వొత్తులు, కట్టెలు, డబ్బా బీన్సు, అన్నీ సర్దుకోవడం వచ్చింది. తొమ్మిదేళ్లయినా రానిది ఒక్కటి మిగిలిపోయింది. ఈసారి అదే పీకల మీదికి తెచ్చింది.

ముందు గదిలో పొయ్యి దగ్గర కుర్చీలో క్లైవ్ కూచుని ఉన్నాడు. ముక్కులో గొట్టం, కాళ్ల దగ్గర సిలిండరు. నలభై ఏళ్లు ఓడల రేవులో వెల్డింగు చేసిన ఊపిరితిత్తులు. వేసవికి ముందు డాక్టరు ఆక్సిజన్ మిషను రాసిచ్చాడు. మిషనుకి కరెంటు కావాలి. కరెంటు పోతే వాడుకోవడానికి మూడు సిలిండర్లున్నాయి. రెండు అయిపోయాయి. మూడోదాని మీటరు ముల్లు సగం దాటి కిందికి దిగుతోంది. కొత్తవి పట్నం నుంచి రావాలి, దారిలో వంతెన మీద నీళ్లు. ఫోన్లు రెండో రోజే చచ్చాయి.

"గాలి బాగా తగ్గించి పెట్టాను. చీకటి పడేదాకా వస్తుంది," అన్నాడు క్లైవ్.

"తర్వాత?"

క్లైవ్ కిటికీ వైపు చూశాడు. తర్వాత సంగతి అక్కడేం రాసిలేదు.

ఊళ్లో సగం ఇళ్లలో జనరేటర్లున్నాయి. వీళ్లింట్లో లేదు. వచ్చే ఏడు కొందాం, వచ్చే ఏడు కొందాం అంటూ గడిపేశారు. పోనీ, ఊళ్లోవాళ్లు అడగలేదా అంటే అడిగారు. రెండో రోజు పొద్దున పక్కింటి హాలిస్ రంపపు మిషను పట్టుకొచ్చి, వీళ్ల దారికి అడ్డంగా కూలిన చెట్టు కోసి పక్కకి లాగి, తలుపు కొట్టాడు. డెబ్బై ఏళ్ల మనిషి, బతుకంతా చేపల పడవ మీదే. తలుపు చప్పుడు వినగానే క్లైవ్ చేసిన పనేమిటి? ముక్కులో గొట్టం పీకి, కుర్చీ దిండు వెనక్కి తోసి, గుమ్మంలో నిటారుగా నిలబడ్డాడు.

"ఏం క్లైవ్, అంతా బాగేనా? ఏమన్నా కావాలా?"

"బాగానే ఉన్నాం. మాకేం కావాలి. నీకే శ్రమ, పాపం."

"సరే అయితే," అని హాలిస్ వెళ్లిపోయాడు.

తలుపేసుకుని చెప్పులు పెట్టుకునే బల్ల మీద కూలబడ్డాడు క్లైవ్. పెదాలు నీలంగా మారాయి. మాట రావడానికి పావుగంట పట్టింది. వచ్చిన మొదటి మాట ఇది: "అదేంటి, ఇంకోసారి అడక్కుండానే పోయాడు?"

హల్‌లో అలా కాదు మరి. మొదటిసారి ఎవరేం ఇస్తామన్నా వద్దనాలి, అది మర్యాద. వాళ్లు రెండోసారి అడగాలి, అదీ మర్యాదే. మూడోసారికి చేతిలో పెట్టేస్తారు. గానెట్ కోవ్ వాళ్లకి ఈ తతంగం తెలీదు. వద్దంటే వద్దనే అనుకుంటారు. ఆ రెండో పిలుపు కోసం వీళ్లిద్దరూ తొమ్మిదేళ్లుగా కాసుక్కూచున్నారు.

గ్లెనిస్ వానకోటు తీసింది. "ఫైర్ స్టేషను హాలుకి వెళ్లొస్తాను. హాలిస్‌తో సహా అంతా అక్కడే ఉన్నారు. జనరేటరు అడుగుతాను."

"వాళ్ల తిప్పల్లో వాళ్లుంటారు. రేపటికి కరెంటొస్తుందేమో చూద్దాం."

"నీ ముల్లు రేపటిదాకా ఆగదు."

క్లైవ్ ముల్లు వైపు చూశాడు. "మరీ దేబిరించినట్టు అడక్కు."

"నీకు ఊపిరాడట్లేదని చెప్పనా, వానల గురించి కబుర్లు చెప్పి రానా?"

నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. ఎందుకన్నానా అని గ్లెనిస్ తనని తానే తిట్టుకుంటూ బయల్దేరింది.

మైలు దూరం. వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతోంది. సముద్రం విసిరేసిన లాబ్‌స్టర్ రొయ్యల్ని పట్టే బోనులు రోడ్డు మీద పడున్నాయి, వాటిని దాటుకుంటూ నడవాలి. మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. ఒక చోట గట్టు మీద కూచుందామనుకుంది గానీ, కూచుంటే మళ్లీ లేవలేనేమోనని భయమేసింది.

మంటలార్పే బండి బయట పెట్టి, హాలు నిండా బల్లలు వేశారు ఊరివాళ్లు. లోపల వెచ్చగా ఉంది, తడిసిన ఉన్ని బట్టల వాసన. పెద్ద గుండిగలో చేపల సూపు కాస్తూ లోర్నా కనబడింది. ఊళ్లో ఏం జరిగినా గరిటె పట్టుకునేది ఆవిడే.

"రా రా గ్లెనిస్. తడిసి ముద్దయ్యావు. ఎలా ఉన్నారు ఇద్దరూ?"

"బాగానే ఉన్నాం."

నోటిలోంచి అదే ఊడిపడింది. అరవై ఎనిమిదేళ్లుగా వస్తున్న మాట, ఇవాళ మాత్రం ఆగుతుందా.

"ఏమన్నా కావాలా?"

"అబ్బే, ఊరికే చూసిపోదామని."

చూసిపోవడానికట. ఈ వానలో, మైలు నడిచి. లోర్నా ఒక్క క్షణం చూసి, సూపు గిన్నె చేతిలో పెట్టి, ఇంకొకరి వైపు తిరిగింది. ఇంకోసారి అడుగు తల్లీ, అని గ్లెనిస్ ఆ వీపుకేసి చూస్తూ మనసులో వేడుకుంది. వీపు తిరగలేదు.

సూపు గిన్నె పక్కన పెట్టేసింది. గిన్నెలు తోమే తొట్టి పక్కన ఎంగిలి గిన్నెల గుట్ట ఉంది. కాస్త సాయం చేసి అడిగితే బాగుంటుంది, ఊరికే అడిగినట్టుండదు అనుకుని కోటు చేతులు పైకి మడిచింది. ఈ పది గిన్నెలు కాగానే అడుగుతాను. ఈ చెంచాలు కాగానే. ఈ ఒక్క ట్రే. వెనక బల్ల దగ్గర ఎవరో అంటున్నారు, "ఆ ఇంగ్లండావిడ చూడు. వాళ్లింట్లో ఏ లోటూ లేదు, అయినా మనకి సాయానికొచ్చింది." గ్లెనిస్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సబ్బు చేతులతో తుడుచుకోవడం కుదరలేదు.

తలెత్తి గోడ గడియారం చూసింది. ఒంటిగంటకి వచ్చింది, ఇప్పుడు మూడు కావస్తోంది. రెండు గంటలు గిన్నెలు తోమింది, అక్కడ ముల్లు దిగుతుంటే.

గడియారం కింద నల్లబల్ల ఉంది. ఊళ్లో ఒక్కో ఇంటికీ ఏం కావాలో సుద్దతో రాశారు. ఒకరికి బీపీ మాత్రలు, ఒకరికి పసిపిల్ల పాలు, ఒకరి ఇంటికప్పు మీదికి టార్పాలిన్ పట్టా. అన్నిటికన్నా కింద హాలిస్ చేతిరాత: "క్లైవ్, గ్లెనిస్. బాగానే ఉన్నారు. ఏమీ అక్కర్లేదు."

"లోర్నా, అది తప్పు," అంది గ్లెనిస్.

"ఏది?"

"బోర్డు మీద మాది. మేం బాగాలేం." ఈసారి ఆపలేదు. "క్లైవ్‌కి ఊపిరాడదు. మిషనుంది, కరెంటు లేదు. ఆఖరి సిలిండరు చీకటి పడేసరికి అయిపోతుంది. నాకు భయంగా ఉంది."

లోర్నా గరిటె కింద పెట్టింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఒక్కరూ అడగలేదు. తలుపు దగ్గర హాలిస్ అప్పటికే టోపీ పెట్టుకుంటున్నాడు.

"మా ఇంటి జనరేటరు తెస్తా. పద, బండెక్కు."

"మీ ఫ్రీజర్లో చేపలు పాడైపోతాయి కదా," అంది గ్లెనిస్. అప్పుడు కూడా.

"అవెలాగూ చచ్చినవేగా," అన్నాడు హాలిస్.

వీళ్లు వెళ్లేసరికి ముల్లు ఎర్ర గీత మీదుంది. క్లైవ్ మొహం బూడిద రంగులో ఉంది. గుమ్మంలో బూట్ల చప్పుడు వినగానే చెయ్యి ముక్కు దగ్గరికెళ్లింది, గొట్టం పీకడానికి.

"తియ్యకు," అంది గ్లెనిస్. "ఊరందరికీ చెప్పేశాను."

చెయ్యి కిందికి దిగింది.

జనరేటరు బయట చూరు కింద పెట్టి, కిటికీలోంచి వైరు లాగారు. మిషను గుర్రుమని మొదలైంది. గ్లెనిస్ కుర్చీ పక్కన నేల మీద కూచుని, క్లైవ్ పెదాలకి రంగొచ్చేదాకా చూస్తూనే ఉంది. హాలిస్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను వచ్చి అడిగాను కదా, క్లైవ్."

"అడిగావు. రెండోసారి అడుగుతావనుకున్నాను."

"రెండోసారి ఎందుకడుగుతా? అక్కర్లేదన్నావుగా."

"మా వైపు అలాగే అంటాం."

"మరి నిజంగా అక్కర్లేకపోతే ఏమంటారు?"

క్లైవ్ ఆలోచించాడు. "అప్పుడూ అదే అంటాం."

హాలిస్ నవ్వలేదు. చేతిలో టోపీ ఒకసారి తిప్పాడు. "మీరొచ్చిన కొత్తలో మా ఆవిడ ఆర్లీన్ బ్లూబెర్రీ పళ్లు కూరి పై కాల్చి తెచ్చింది. అయ్యో వద్దన్నారు. ఆ ఏడే థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి పిలిచాం. మీకు శ్రమెందుకన్నారు. వాళ్లకి మనుషులు పడరు, పాపం వాళ్ల మానాన వాళ్లని వదిలెయ్ అంది ఆర్లీన్. సరేనని వదిలేశాం. పోయేదాకా అదే అనుకుంది."

ఆర్లీన్ పోయి రెండేళ్లయింది. గ్లెనిస్‌కి ఆ బ్లూబెర్రీ పై గుర్తుంది, గుడ్డలో చుట్టి ఇంకా వేడిగా ఉంది. ఏటా ఆ పండగ రోజు పక్కింటి దీపాలు చూస్తూ, మనమంటే వీళ్లకి గిట్టదు అని క్లైవ్‌తో చెప్పిందీ గుర్తుంది. తొమ్మిదేళ్లు చేజేతులా పోగొట్టుకున్నారు. ఆర్లీన్‌కి ఇప్పుడెలా చెప్పడం.

హాలిస్ తలుపు దాకా వెళ్లాడు. "పొద్దున పెట్రోలు పోసి వెళ్తా. ఇంకేమన్నా కావాలా?"

పాత మాటే పెదాల మీదికి రానే వచ్చింది. గ్లెనిస్ దాన్ని మింగేసింది.

"కట్టెలు కావాలి. రొట్టె అయిపోయింది."

"సరే. ఇంకా?"

ఒళ్లంతా హూనమై ఉంది. నిలబడే ఓపిక లేదు, అయినా పొయ్యి మీద కెటిల్ వైపు నడిచింది.

"కాసేపు కూచోండి. టీ పెడతాను."

అతను వద్దంటాడని, తను రెండోసారి అడగాలని అలవాటుకొద్దీ ఎదురుచూస్తూ నిలబడింది. హాలిస్ టోపీ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, ఒక్కసారి అడిగినందుకే కూచున్నాడు.