సారంగపాణి దాటిన రెడ్ సిగ్నల్

నేను ఒక కంప్యూటర్ మౌస్‌ని. ఫ్యాక్టరీలో పుట్టి, హనుమకొండ నెట్ సెంటర్లో ఆరేళ్లు హాల్‌టికెట్లు దింపి, ఆ షాపు మూతపడ్డాక కాజీపేటలో సారంగపాణి చేతిలో పడ్డాను.

ఆయన రిటైరైన రైలు డ్రైవరు. తాను మొదట నడిపిన డీజిల్ ఇంజన్‌కు చిన్న నమూనా చేసి, ఆదివారం రైల్వే క్లబ్బులో పెట్టాలన్నది ఆయన పిచ్చి. కంప్యూటర్లో గీసిస్తే త్రీడీ ప్రింటింగ్ షాపువాడు ప్లాస్టిక్‌లో పోసిస్తాడు. గీయడానికి సాఫ్ట్‌వేర్ కావాలి. మనుషులు పెళ్లిసంబంధాలైనా ఇన్ని చూడరు! మొదటిది తెరవగానే ముసలి లాప్‌టాప్ రొప్పింది. రెండోదానిలో చక్రం కావాలంటే గీస్తే చాలదట, కోడ్ రాయాలట. మూడోది అద్భుతం. నేను అలా జారితే చాలు, చక్రాలు పుట్టుకొచ్చాయి. నెల రోజులు ఉచితం.

ఆ గడువు సరిగ్గా శుక్రవారం, బొమ్మ పూర్తయిన పూటే ముగిసింది!

తెర మీద రెండు బటన్లు. పచ్చది ఏడాది చందా. ఎర్రది "సొంత సరదాకు ఉచితం". ఏదో ఒకటి నొక్కితే తప్ప బొమ్మ తెరుచుకోదు. కార్డు నంబరు మహానుభావుడు మొదట్లోనే ఇచ్చేశాడు. పచ్చది నొక్కితే నెల పెన్షన్ హుష్‌కాకి.

రైలు డ్రైవర్లు సిగ్నల్ చూడగానే దాని రంగును బిగ్గరగా చెబుతారు. పక్కవాడు తిరిగి అదే పలకాలి. ఇంట్లో ఆ డ్యూటీ భార్య అనసూయది.

"గ్రీన్!" అన్నాడు సారంగపాణి, అక్షరాలు చదవకుండానే. వేలు నా వీపు మీద బిగిసింది.

"ఆగయ్యా! అది పైసలు గుంజేది. రెడ్ నొక్కు."

"రెడ్డా? ముప్పై ఆరేండ్ల సర్వీసుల ఒక్క రెడ్ దాటలే నేను!"

"ఇది పట్టాలు కాదు, టేబులు. నొక్కు."

"చెయ్యి వస్తలేదే!"

"అయితే ఇంజనూ లేదు, ఆదివారమూ లేదు. ఊకె కూసో."

ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అనసూయ ఆయన వేలి మీద తన వేలు పెట్టి అదిమింది. టక్! ఇంజన్ చెక్కుచెదరకుండా తెర మీద ప్రత్యక్షమైంది.

ఆదివారం క్లబ్బులో, షాపువాడు పోసిచ్చిన ప్లాస్టిక్ ఇంజన్ పక్కనే లాప్‌టాప్‌నూ నన్నూ పెట్టారు. పాత డ్రైవర్లు మూగారు.

"సాఫ్ట్‌వేర్ ఫ్రీగ ఎట్ల దొరికిందన్నా?"

చెప్పడానికి అనసూయ నోరు తెరిచింది. సారంగపాణి అందులో మిర్చిబజ్జీ కుక్కేశాడు.

ఇప్పుడు నా ఎడమ బటన్ అరిగిపోయింది. పాత వైర్ల డబ్బాలో పడుకుని ఉన్నాను. ఏ రైల్వే అధికారైనా విచారణకు వచ్చి, ఆ శుక్రవారం రెడ్ దాటించింది ఎవరని అడిగితే, నేనే కాలు జారానని చెబుతాను.