పద్మమ్మ సంచిలో ఏడు కార్డులు

రాకేశ్ సారు పిలుస్తున్నాడని కబురొచ్చేసరికి ఎస్తేర్ చేతిలో నింపుతున్న డబ్బా ఉంది. మాత్రల పట్టీలు డబ్బాకు పది చొప్పున సర్దాలి. తాను పెట్టింది ఎనిమిదో తొమ్మిదో గుర్తుకు రాక, అన్నీ బయటికి తీసి మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. మొన్నటిదాకా మూడు రాత్రులు దవాఖానలో బిడ్డ మంచం పక్కన కూర్చుని వచ్చిన మనిషి. ఆ మాత్రం మరుపు ఉంటుంది. డబ్బా మూసి, తలకున్న టోపీ తీసి ఆఫీసు గది వైపు నడిచింది.

ఎందుకు పిలిచాడో ఆమెకు తెలుసు. అంతా కార్డు గురించే.

గజ్వేల్ దాటాక ఉన్న ఆ మందుల ప్యాకింగ్ కంపెనీకి సిద్దిపేట నుంచి ఒక బస్సు నడుస్తుంది. పొద్దున ఏడింటికి పాత బస్టాండు దగ్గర బయలుదేరుతుంది. పని చేసేవాళ్ళకు కంపెనీ ఒక కార్డు ఇచ్చింది. బస్సులో డ్రైవర్ పక్కనున్న మిషనుకు దాన్ని ఆనిస్తే టింగుమంటుంది, సగం చార్జీ కంపెనీ పెట్టుకుంటుంది. అయితే నెలకు ఇరవై రెండు రోజులన్నా ఆ టింగు పడాలి. పడకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది, ఆ మనిషికి బస్సు కార్డుకు బదులు రైలు నెల పాసు ఇస్తారు. అందులోనూ సగం కంపెనీదే. కాగితం మీద చూస్తే రెండూ ఒకటే.

కానీ బస్సు సాయంత్రం ఆరున్నరకు ఇంటి దగ్గర దించుతుంది. రైలు సిద్దిపేట చేరేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఎస్తేర్ బిడ్డ బ్లెస్సీకి మూడేళ్ళు. ఏడున్నరకల్లా నిద్రపోతుంది. పొద్దున తల్లి బయలుదేరేటప్పుడు ఎలాగూ నిద్రలోనే ఉంటుంది. భర్త బాబు వరికోత మిషను మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతాడు, నెలకు రెండుసార్లు వస్తే గొప్ప. పిల్లను పగలంతా అత్త రాములవ్వ చూసుకుంటుంది. మెలకువగా ఉన్న బిడ్డ ఎస్తేర్‌కు దొరికేది రోజుకు ఒక్క గంట. ఆ గంట కోసమే ఆమెకు బస్సు కావాలి.

"కూసో ఎస్తేర్. బిడ్డకెట్లున్నది?" అన్నాడు రాకేశ్. బస్సు కార్డుల లెక్క చూసేది అతనే, వయసు ముప్పై లోపే. బల్ల మీద టీ చల్లారి మీగడ కట్టి ఉంది.

"తగ్గింది సారు. దగ్గు పోలే ఇంక."

"దవాఖాన చిట్టీ ఇచ్చినవ్ గద. పదకొండు, పన్నెండు, పదమూడు. మూడు రోజులు బిడ్డతోటి ఆడనే ఉన్ననని."

"అవు సారు. ముద్ర గూడ ఏపిచ్చిన."

ఎస్తేర్ చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. మామూలు కాగితమంటే ఆమెకు భయం, ముద్ర ఉన్న కాగితమంటే ధైర్యం. నాగా పెడితే పనిలోంచి తీసేస్తారేమోనని, డాక్టరమ్మ దగ్గర పనిచేసే అమ్మాయిని రెండుసార్లు బతిమాలి ఆ చిట్టీ రాయించుకుంది.

రాకేశ్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. "మరి గిదేంది? ఆ మూడు రోజులు నీ కార్డు బస్సుల కొట్టి ఉన్నది. పొద్దుగాల ఏడు గంటలకు. నువ్వు దవాఖానల ఉన్నవ్, నీ కార్డేమో డ్యూటీకొచ్చింది. నీకన్న నీ కార్డే నయం, ఒక్క నాగా పెట్టలే."

ఎస్తేర్ నవ్వలేదు. అతను కూడా నవ్వించాలని అన్నట్టు లేడు.

ఆ కార్డు సంగతి ఇది. పాత బస్టాండు దగ్గర అందరికంటే ముందు ఎక్కేది పద్మమ్మ. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. డ్రైవర్ వెనక సీటు ఆమెది. తోవలో ఎక్కే ఆడవాళ్ళు ఒక చేత్తో టిఫిన్, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, మెట్ల మీద నిలబడి సంచిలో కార్డు వెతుక్కునేవాళ్ళు. వెనకాల బండ్లు హారన్లు కొట్టేవి, డ్రైవర్ గొణిగేవాడు. అందుకని పద్మమ్మే అందరి కార్డులూ తీసుకుని తన వక్కాకుల సంచిలో పెట్టుకుంది. పొద్దున ఎక్కగానే ఏడు కార్డులూ వరుసగా కొట్టేస్తుంది. మిగతావాళ్ళు ఎక్కి కూర్చోవడమే. ఏడాదిగా ఇదే పద్ధతి. ఎవరి కార్డు ఏదో కూడా ఎవరికీ పట్టలేదు. అన్నిటికీ ఒకటే వక్కపొడి వాసన.

బ్లెస్సీకి జ్వరం ఎక్కువై దవాఖానలో చేర్చిన రోజు కూడా పద్మమ్మ ఏడూ కొట్టింది. ఆ నెల ఎస్తేర్‌కు అప్పటికే రెండు నాగాలున్నాయని, ఇంకో మూడు పడితే ఇరవై రెండు నిండవని ఆమెకు తెలుసు.

"సీటు కోసం పన్నెండు మంది లైన్ల ఉన్నరు," అన్నాడు రాకేశ్. "వాళ్ళల్ల ఎవరో పోయి పెద్దసారుకు చెప్పిన్రు. లేకుంటే నేను సూసేటోన్నే కాదు. పొద్దుగాల పద్మమ్మను అడిగిన. ఒప్పుకున్నది. ఆమె కార్డు ఒకటో తారీఖు నుంచి రైలుకు మారుతది."

"సారు, ఆమెకు మోకాళ్ళు..."

"నాకు ఎర్క లేదా? పెద్దసారు ఏమంటడంటే, ఆడోళ్ళకు ఆర్టీసీ ఉచితమే గద, గది ఎక్కమను అంటడు."

"మన గేటు కాడ ఆగది సారు. గజ్వేల్ల ఇంకోటి పట్టుకోవాలె. నిలవడి పోయినా ఎనిమిదైతది."

"గది గూడ ఎర్కే." అతను పెన్ను మూత తీశాడు. "ఇగ నీ దగ్గర ఒక్క ముచ్చట రాసుకోవాలె. ఆమె కొట్టింది నీకు తెల్సా, తెల్వదా? తెల్సంటే నీది గూడ రైలుకే. తెల్వదంటే ఆమెదొక్కటే, చిట్టీ ఉన్నది గనక నీ మూడు రోజులు ఇడిసిపెడ్తరు. ఆమైతే నీకు తెల్వదనే చెప్పింది."

ఎస్తేర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాత్రల పొడి గోళ్ళ సందుల్లో తెల్లగా ఉంది.

దవాఖానలో మొదటి రోజు పొద్దున పద్మమ్మ బస్సులోంచే ఫోన్ చేసింది. ఎస్తేర్ పాత ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినబడదు, స్పీకరు పెట్టుకోవలసిందే. వార్డంతా వినబడేలా పద్మమ్మ గొంతు వచ్చింది. "నీది కొట్టిన బిడ్డా. ఫికరు జెయ్యకు. నువ్వు పోరిని సూసుకో." ముక్కుకు ఆవిరి గొట్టం పెట్టుకున్న బ్లెస్సీ ఒళ్ళో కూర్చుని ఫోను వంకే చూసింది. వద్దు చిన్నమ్మా అని ఎస్తేర్ అనగలిగేదే. ఆ మాట నోటిదాకా కూడా రాలేదు. "మంచిది చిన్నమ్మా" అంది. తర్వాతి రెండు రోజులూ అదే ఫోను, అదే మాట, అదే జవాబు.

"తెల్వది సారు," అంది ఎస్తేర్.

రాకేశ్ తలెత్తలేదు. రాసుకున్నాడు. కాగితం ఆమె ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. ఆమె అక్షరాలు విడివిడిగా, నెమ్మదిగా తన పేరు రాసింది.

ఆ సాయంత్రం బస్సులో పద్మమ్మ సంచి విప్పింది. "తలా ఒకటి పట్టుకోండ్రి. ఇగ ఎవరిది వాళ్ళే కొట్టుకోవాల్నట."

కార్డులు చేతులు మారాయి. వెనక సీట్లో తన కార్డు అందుకుంటూ సుమిత్రమ్మ కిటికీతో చెప్పినట్టు అంది. "ఫోన్ల మూడు దినాలు మాట్లాడినా తెల్వదంట. దవాఖానల పిల్లకు ఆవిరి పెడితే, ఆ పొగల తల్లికేం కనవడలేదేమో."

ఒకరిద్దరు నవ్వారు.

"నువ్వు ఊకో సుమిత్ర," అంది పద్మమ్మ. "నీ మనుమడు పుట్టినప్పుడు నీ కార్డు ఎన్ని దినాలు కొట్టిన్నో చెప్పాల్నా ఇప్పుడు?"

సుమిత్రమ్మ కార్డును కొంగున ముడేసుకుంది. పద్మమ్మ పక్క సీటు ఖాళీగానే ఉంది. ఎస్తేర్ పోయి కూర్చుంది. కుకునూర్‌పల్లి దాటేదాకా ఇద్దరూ రోడ్డునే చూశారు.

"చిన్నమ్మా, నేను..."

"రైలు మంచిగనే ఉంటదట. కాళ్ళు జాపుకోవచ్చు. ఎక్కుడొక్కటే కష్టం. ఆ ఇనుప మెట్లు జరంత ఎత్తు." పద్మమ్మ మోకాలు రుద్దుకుంది. "నేనే చెప్పిన సారుకు, దానికి తెల్వదని. నువ్వు గూడ గట్లనే అన్నవ్. ఇద్దరి మాట ఒక్కటైంది. ఇగ ఏంది?"

"మూడు రోజులు మంచిది అన్న గద చిన్నమ్మా, ఫోన్ల."

"నాకు గా ముచ్చట యాది లేదు," అంది పద్మమ్మ. ఒక వక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఎస్తేర్ దిగేటప్పుడు కూడా తెరవలేదు.

ఒకటో తారీఖున డ్రైవర్ వెనక సీట్లో చెవుల్లో వైర్లు పెట్టుకున్న కొత్తవాడు కూర్చుని ఉన్నాడు. తాను రోజూ ఎక్కే పొన్నాల దగ్గర ఎస్తేర్ మెట్ల మీద నిలబడి సంచిలో కార్డు వెతుక్కుంది. వెనకాల ఆటో హారన్ కొట్టింది. "జల్ది అమ్మా" అన్నాడు డ్రైవర్. కార్డు పెట్టింది. టింగుమంది. ఎక్కే ప్రతి చోటా ఇలాగే ఆగి, ఆ రోజు బస్సు కంపెనీకి పావుగంట ఆలస్యంగా చేరింది. అందరికీ గేటు దగ్గర లేటు పడింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎస్తేర్ పక్కన జాగ మిగిలిపోయింది. పద్మమ్మ దూరంగా ఇంకో బల్ల దగ్గర, కాళ్ళు చాపుకుని తింటోంది. పొద్దున రైలెక్కేటప్పుడు ఎవరో కొత్త మనిషి చెయ్యందించాడని పక్కవాళ్ళతో చెబుతోంది.

సాయంత్రం ఆరూ ముప్పై అయిదుకు ఎస్తేర్ ఇంట్లో ఉంది.

"అమ్మొచ్చె," అని బ్లెస్సీ కాళ్ళకు చుట్టుకుంది. రాములవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "ఇయ్యాల పగటీలి ముద్ద ముట్టలే ఇది. నీ చేతితోనైన పెట్టు," అంది. ఎస్తేర్ కాళ్ళు కడుక్కుని, పప్పన్నం కలిపి గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్ల ఒక ముద్ద తిని, ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చి ఇంకో ముద్ద తింటోంది. పక్కింటి కుక్క పిల్లల్ని పెట్టిన సంగతి చెబుతోంది. నాలుగు పిల్లలు. ఒకటి నల్లగుంది. ఎస్తేర్ ఊ కొట్టింది. రెండో దానికి కూడా ఊ కొట్టింది. మూడోది ఏ రంగో ఆమెకు వినబడలేదు.

టింగ్ అని వినబడి కునుకులోంచి ఉలిక్కిపడింది. కంచం ఒళ్ళోనే ఉంది, వేళ్ళ మీద అన్నం ఎండిపోయింది. గోడ గడియారం ఏడుంబావు దాటింది.

బ్లెస్సీ అప్పటికే తల్లి సంచిలోంచి కార్డు తీసుకుంది. కుక్కర్‌కు ఆనించి నోటితో టింగ్ అంది. "గిది కుక్కర్‌ది." తలుపుకు ఆనించింది. "గిది బాపుది." రాములవ్వ మోకాలికి ఆనించింది. "గిది అవ్వది."

"నన్నేడికి తోల్కపోతవే?" అంది రాములవ్వ.

"డూటీకి."

"సాలు తియ్యే నీ డూటీ. నిన్ను సూసుడే పెద్ద డూటీ."

పిల్ల పకపకా నవ్వి, తల్లి దగ్గరికి వచ్చింది. ఈపాటికి పద్మమ్మ గజ్వేల్ స్టేషన్లో బల్ల మీద కూర్చుని ఉంటుందని ఎస్తేర్ అనుకుంది. రైలు ఇంకా వచ్చి ఉండదు. వచ్చాక ఆ మెట్లు ఎక్కాలి. ఎవరైనా చెయ్యి అందిస్తారో లేదో.

బ్లెస్సీ కార్డు తెచ్చి ఆమె నుదుటికి ఆనించింది. కార్డుకు ఇంకా వక్కపొడి వాసన పోలేదు.

"టింగ్. నీది కొట్టిన బిడ్డా. ఫికరు జెయ్యకు."

ఆటలో తర్వాతి మాట తల్లిది. మంచిది చిన్నమ్మా అనాలి. దవాఖానలో మూడు రోజులూ విన్న మాట కనుక పిల్లకు అది కంఠస్థం. ఎస్తేర్ వేళ్ళ మీద ఎండిన మెతుకులు ఒక్కొక్కటే గిల్లుకుంది. బ్లెస్సీ కార్డును అలాగే నుదుటికి ఆనించి పట్టుకుని, తల్లి ఎప్పుడంటుందా అని ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది.