మంచు పిట్ట, గడ్డి పిట్ట

మంచు తుఫానుకి కొట్టుకొచ్చి, పశువుల ఆసుపత్రి కిటికీ అద్దానికి గుద్దుకుని పడ్డ రెండు పిట్టలను డాక్టరు అట్టపెట్టెలో ఇంటికి తెచ్చాడు. రెండూ తేరుకున్నాయి. చిక్కల్లా ఆ తర్వాతే వచ్చింది.

ఊరిని ఆనుకున్న కొండ మీద చూడ్డానికి ఒకేలా ఉండే పిట్టలు రెండు జాతులు. మంచు పిట్ట శిఖరం దగ్గర, కరగని మంచు అంచున బతుకుతుంది. గడ్డి పిట్ట కింది వాలుల్లో గింజలేరుకుంటుంది. ఎవరి గుంపు వాళ్ళదే. తప్పుచోట ఒంటరిగా వదిలితే ఏదీ బతకదు. పెట్టెలోవి రెండూ ఒకే జాతా, చెరొకటా? చలికాలం ఈకలు, అంతా మట్టిరంగే. డాక్టరు భూతద్దంతో ముక్కులు చూశాడు, రెక్కలు విప్పి కొలిచాడు. ఒకదాని మెడ కాస్త నలుపనిపించింది. దీపం కిందికి తెచ్చేసరికి ఆ నలుపూ పోయింది.

ఒక్క జాతితో సరిపెడితే దేవుడి సొమ్మేం పోయిందని విసుక్కున్నాడు. పూజ ముగించుకుని వచ్చిన ఇల్లాలు నవ్వింది.

"మీరూ మీ తమ్ముడూ వెనకనుంచి ఒక్కలాగే ఉంటారు. కంచం ముందు కూర్చుంటేనే కదా ఎవరెవరో తెలిసేది. వీటికీ వడ్డించి చూడండి."

ఫ్రిజ్‌లో పేరుకున్న మంచు తనే గీకి, పళ్ళెంలో పరిచి, పైన గింజలు చల్లింది. ఒక పిట్ట సొంత వాకిట్లో తిరిగినట్టు మంచు మీద నడుస్తూ గింజలేరుకుంది. మధ్యమధ్య మంచు కూడా మింగింది. రెండోది పళ్ళెం అంచున నిలబడి, మెడ సాచి, అందినంతవరకే తిన్నది. కాలికి చల్లదనం తగిలితే గబుక్కున వెనక్కి తీసుకుంది.

డాక్టరు పళ్ళెం మీదికి వంగి చూశాడు. గుప్పెడైనా లేని ప్రాణంలో ఇంత ఎరుక పెట్టినవాడి మీదా తను విసుక్కున్నది! మనసులోనే లెంపలేసుకున్నాడు. అయినా, అది జాతి తేడా కాక ఆకలి తేడా అయితేనో అన్న గుబులు మిగిలింది.

మర్నాడు ఇద్దరూ పెట్టె పట్టుకుని ఆయాసపడుతూ శిఖరం దాకా ఎక్కారు. మంచు మీద నడిచిన పిట్టని వదిలితే అది ఎగరలేదు. బండ మీద ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చుంది.

"తప్పు చేశామంటావా?" అన్నాడు.

ఇల్లాలు జవాబు చెప్పేలోగా పైనుంచి ఒక బొంగురు కూత వినిపించింది. పిట్ట మెడ నిక్కించి బదులు కూసింది. మరుక్షణం గాల్లో ఉంది. మంచు మీది గుంపంతా లేచి, ఒక్కసారిగా మలుపు తిరిగింది. అందులో తమది ఏదో ఇక పోల్చుకోలేకపోయారు.

పెట్టెలో ఉన్నది మాత్రం ఆ కూతకి ఉలకలేదు, పలకలేదు.

"పదండి, దీనివాళ్ళు కిందెక్కడో ఎదురుచూస్తుంటారు" అంది ఇల్లాలు.