కమారో నెత్తిన ఇనప మూకుడు

కార్ల పందెం తనిఖీ వరుసలో ముందు ఇంకా రెండు కార్లున్నాయి. వెల్డా చేతిలో ఇనప మూకుడు, మూకుడులో పీచ్ కేకు, గుండెలో రాయి. మూడింటిలోకీ కేకే తేలిక.

1969 జూన్, ఒహాయో. ఆమె భర్త హార్లన్ తన తెల్ల కమారో కారుని రెండేళ్లుగా పందేల్లో తోలుతున్నాడు. మొదటి ఏడు అది ఇరుసు విరగ్గొట్టుకుని గడ్డిలో కూర్చుంది. రెండో ఏడు ఏడో స్థానం, ఐదో స్థానం, ఒక్కసారి మూడో స్థానం. ఆ మూడో స్థానం కప్పులో వెల్డా బట్టల క్లిప్పులు వేసుకుంటుంది. ముందు వచ్చేవాళ్లంతా కార్ల బరువు తగ్గించారని వినికిడి. అందుకని పోయిన చలికాలం హార్లన్, అతని తమ్ముడు రాయిస్ కలిసి కారు ఒంటిని యాసిడ్ తొట్టిలో ముంచి తెచ్చారు. రేకు సగం కరిగిపోయింది. ముడతలు కనబడకుండా టాపు మీద నల్ల రెక్సిన్ అంటించారు.

"తప్పే, కానీ అందరూ చేసేదే వదినా," అన్నాడు రాయిస్. "తనిఖీ ముసలాయనకి టాపు మీద మోచెయ్యి ఆనించి కబుర్లు చెప్పే అలవాటు. ఆనించాడా, రేకు కుంగి దొరికిపోతాం! కేకు ఆయన రెండు చేతుల్లో పెట్టు, చాలు."

వెల్డాకి నిద్ర పట్టనివ్వనిది ఆ మోచెయ్యి కాదు. బోల్తా పడితే తల కాపాడే గొట్టాల పంజరాన్ని కూడా పలచని గొట్టాలతోనే వేశారు. మొన్న గరాజు ఊడుస్తూ చీపురు కర్ర ఆనిస్తే టాపు లోపలికి పోయింది. లోపల్నుంచి బొటనవేలితో నెట్టి సరిచేసి, ఎవరికీ చెప్పలేదు. ఆ కింద ఉండేది హార్లన్ తల. మొండి తలే కానీ, అతనికున్నది అదొక్కటే.

"పంజరం మార్చవయ్యా," అని మూడుసార్లు అడిగింది. "వచ్చే పందేనికి," అన్నాడు మూడుసార్లూ.

వరుస కదిలింది. తనిఖీ చేసే ఓర్విల్ వచ్చాడు.

"ఏం తల్లీ, లంచమా?"

"బరువుగా ఉంది, రెండు చేతులా పట్టుకోండి ఓర్విల్ గారూ."

రాయిస్ కన్ను కొట్టాడు. ఓర్విల్ మూకుడు మోస్తూనే టైర్లు చూశాడు, ఇంజను చూశాడు, పంజరం వైపు వంగాడు. పెయింటు తప్ప ఏమీ కనబడలేదు. ఆమోదం చీటీ జేబులో ఉంది. తీయడానికి చెయ్యి ఖాళీ లేదు.

"కాస్త పట్టుకో తల్లీ."

వెల్డా అందుకుంది. చీటీ సగం బయటికొచ్చింది. అద్దానికి అంటిస్తే ఇక ఆపేవాళ్లు లేరు. స్టీరింగు వెనక హార్లన్ అప్పుడే గెలిచినట్టు నవ్వుతున్నాడు.

"అబ్బ, ఎంత బరువో!" అంటూ మూకుడు కారు టాపు మీద పెట్టేసింది.

టాపు టప్పుమని కుంగింది. మూకుడు అందులో గూట్లో గుడ్డులా కుదురుకుంది.

ఓర్విల్ చీటీ మళ్లీ జేబులో పెట్టుకుని, పంజరం గొట్టానికి చిన్న రంధ్రం వేసి మందం కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"దీంతో నిన్ను పంపితే నాకు నిద్ర పట్టదు హార్లన్. ఇంటికి పో."

"చెప్పిందేమిటి, చేసిందేమిటి వదినా!" రాయిస్ నెత్తి పట్టుకున్నాడు.

"చెయ్యి నొప్పెట్టిందయ్యా."

హార్లన్ దిగి గుంట చూశాడు. సరిగ్గా తన తల ఉండే చోటే. "కావాలనే పెట్టావు కదూ?"

వెల్డా మూకుడు తీసింది. అతను లోపలికి చెయ్యి పోనిచ్చి బొటనవేలితో నెట్టాడు. టాపు టప్పుమని లేచింది. తన బొటనవేలిని తనే కాసేపు చూసుకున్నాడు.

"రాయిస్, కారు లారీ ఎక్కించు," అన్నాడు చివరికి. "మందపాటి గొట్టాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కో."

వెల్డా కేకు కోసింది. మొదటి ముక్క ఓర్విల్‌కి. ఇప్పుడది లంచం కాదు.