కుక్కర్ కూత పెట్టిన పూట

కుక్కర్ పొయ్యి మీద ఉంది, ఆమె సింకు దగ్గర ఉంది, వీధి తలుపు గంట మోగింది. మరుక్షణం ఇల్లంతా దాక్కుంది.

కొంతకాలంగా ఆ ఇంట్లో నడుస్తున్న పద్ధతి అది. గంట వినగానే వాళ్లాయన ఫ్యాన్ కట్టేసి, టీవీ గొంతు నొక్కేసి, సోఫా వెనక్కి జారిపోతాడు. అత్తగారికి మోకాళ్లు వంగవు కాబట్టి ఆవిడ కర్టెన్ వెనక నిలబడి, తనూ ఒక కర్టెనే అన్నంత నిశ్చలంగా ఊపిరి బిగబడతారు. కోడలి వాటాకి వంటిల్లు వచ్చింది. ఒంగి, గట్టు కిందినుంచి పాక్కుంటూ వెళ్లి, చప్పుడు చేసే వస్తువులన్నింటి నోళ్లూ మూయించాలి. కుళాయి, మిక్సీ, ఆఖర్న తను. మిగతావాళ్లు దాక్కుంటే చాలు, ఆమె పని చేస్తూ దాక్కోవాలి. దాగుడుమూతల్లో కూడా ఆమెకు మూతల డిపార్టుమెంటే దక్కింది.

బయట నిలబడేది బ్యాంకు తరఫున వసూళ్లకు తిరిగే మనిషి. తలుపుకున్న కంతలోంచి చూస్తే మొహం బదులు హెల్మెట్టే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో అతని పేరు హెల్మెట్టు. గంట కొడతాడు, కాసేపు నిలబడతాడు, ఎవరైనా ఉన్నారా అని అడుగుతాడు, వెళ్లిపోతాడు. అతను వెళ్లాక ఆయన లేచి చొక్కా దులుపుకుని, ఏదో పోటీలో నెగ్గినవాడిలా నవ్వుతాడు. చేతికి అందని నోటీసు నోటీసే కాదని, మనం పుచ్చుకుంటేనే వాళ్లు ఇచ్చినట్టని ఆయనకు ఎవరో స్నేహితుడు చెప్పాడట. "తలుపు తియ్యనంతకాలం అప్పు గుమ్మం దాటదోయ్" అని ఆయన ఆమెకు ధైర్యం చెప్పాడు. అప్పు ఎప్పుడో లోపలికొచ్చి సోఫాలో ఆయన పక్కనే కాళ్లు జాపుకుని కూర్చుందని ఆమెకు అనిపించింది. అనిపించినవన్నీ అనకపోవడం ఆమెకు పాత అలవాటు.

ఇల్లు కట్టుకోవడం ఒక ఎత్తు, ఇంటికి కట్టడం ఇంకో ఎత్తు. ఆయన మొదటిది ఉత్సాహంగా చేసి రెండోదాని దగ్గర చతికిలబడ్డాడు. బ్యాంకుకు నెలనెలా చెల్లించాల్సిన వాయిదాని ఆయన పేరుకు తగ్గట్టే వాయిదా వేస్తూ పోయాడు. ఉద్యోగం వదిలేసి, నడిచే యంత్రాలూ తొక్కే యంత్రాలూ అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాడు. జనం వాటిని తీసుకెళ్లి, కొన్నాళ్లు నడిచి, కొన్నాళ్లు వాటి మీద తడి తువ్వాళ్లు ఆరేసుకుని, వచ్చి పట్టుకుపోండని ఫోన్ చేశారు. ఆ యంత్రాలన్నీ మేడ మీది గదిలో చేరాయి. వ్యాయామంలోంచి ఆదాయం రాలేదు, వ్యయం ఒక్కటే చెమటలా కారింది. ఆమె జీతం పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన చేతికే పోతుంది. ఇంటి లెక్కలు నీకెందుకోయ్, తల వేడెక్కుతుంది అనేవాడు. అందుకని ఆమె తల చల్లగా ఉండేలా ఆ జీతంతో యంత్రాలకు మరమ్మతులు చేయించాడు. బ్యాంకువాళ్లు ఎందుకొస్తున్నారని అడిగితే, వాళ్ల కంప్యూటర్లో ఏదో తేడా, నేను చూసుకుంటా అన్నాడు. అబద్ధమేమీ కాదు. వాళ్లొచ్చినప్పుడల్లా తలుపు కంతలోంచి చూసుకుంటూనే ఉన్నాడు.

అప్పు తీసుకున్న రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఆయన వేలు కాగితం మీద ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని నడుస్తుంటే ఆమె పెన్ను దాని వెనకే నడిచింది. ఆయన ఒక్కడి జీతానికి అంత అప్పు పుట్టదని, ఆమె జీతం కలిపితేనే ఇల్లు లేస్తుందని అప్పుడెవరూ ఆమెతో చెప్పలేదు. సహధర్మచారిణి, సహనశీలి అన్న బిరుదుల పక్కన సహ రుణగ్రహీత అన్నదొకటి చేరిందని ఆమెకే తెలీదు. కొత్త ఇంట్లో చేరిన రోజున అత్తగారు వచ్చినవాళ్లందర్నీ గదిగదికీ తిప్పి, మావాడు కట్టించిన ఇల్లు అని చూపించారు. వంటిల్లు చూపిస్తున్నప్పుడు అక్కడ కప్పులు కడుగుతున్న ఆమె కూడా గట్టులాగా, గూటిలాగా వంటింట్లో భాగంగానే కనిపించింది. గేటు పక్కన ఇత్తడి పలక మీద ఆయన పేరుంది. అది మెరిసేలా తుడవడం ఆమె పని.

ఇప్పుడామె నేల మీద పాకుతూ, పొయ్యి ఆర్పడానికి చెయ్యి పైకెత్తబోతూ, వీధి చివరి ఇంటిని తలుచుకుంది. దానికి బ్యాంకు తాళం పడి చాలా రోజులైంది. ఆమె ఆఫీసుకు వెళ్లేటప్పుడు రోజూ కనిపిస్తుంది. సామాన్లు పేవ్‌మెంటు మీద పెట్టిన రోజు ఆ ఇంటావిడ, బస్సు స్టాపులో రోజూ నవ్వి పలకరించే మనిషి, ఎవరి మొహమూ చూడకుండా చిన్నపిల్లల చెప్పులు ఏరి సంచిలో వేసుకుంది. డాబా మీద ఆరేసిన బట్టల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎండిపోయి, వానకు తడిసి, మళ్లీ ఎండి, అవింకా అక్కడే ఊగుతున్నాయి. వాళ్లు కూడా గంట మోగితే తలుపు తీసేవాళ్లు కాదని తర్వాత తెలిసింది.

ఆమె చెయ్యి పొయ్యిని అందుకునే లోపే కుక్కర్ కూత పెట్టింది. మామూలు కూత కాదు, ఇన్నాళ్ల ఉక్రోషమంతా ఒకేసారి కక్కినట్టు, వీధంతా వినబడేలా.

తర్వాత హెల్మెట్టు గొంతు మెల్లగా తలుపు సందులోంచి లోపలికొచ్చింది.

"మేడమ్, కూత వినబడింది. మాడిపోతుందేమో చూసుకోండి. ఇన్నాళ్లూ మాట్లాడదామని వచ్చాను. ఇవాళ తలుపుకి కాగితం అంటించి పోదామని వచ్చాను. ఇదంటిస్తే ఇంక నేను రాను, తాళం వేసేవాళ్లొస్తారు."

సోఫా వెనకనుంచి ఆయన చెయ్యి ఒక్కటే పైకి లేచి, కదలొద్దని ఊగింది. అంటించుకోనీ, తర్వాత పీకి పారేస్తాను అని గుసగుసలాడాడు. ఆమె నేల మీద అలాగే ఉండిపోయింది. ఎదురుగా గట్టు కింద గిన్నెలు, చీపురు, తను. మూడూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

పీకడం అనే మాట ఆమెకు కొత్త కాదు. ఆమె ఉద్యోగం పళ్ల ఆసుపత్రి ముందు గదిలో. రమ్మన్న రోజున రానివాళ్లకు ఫోన్ చేసి, ఎందుకు రాలేదని అడగడం ఆమె పనుల్లో ఒకటి. ఫోన్ ఎత్తి, ఇవాళ కుదర్లేదండీ, భయమేసిందండీ, డబ్బుల్లేవండీ అన్నవాళ్లకు ఏదో ఒక దారి దొరుకుతుంది. ఇంకో తేదీ ఇస్తుంది, డాక్టరుతో మాట్లాడి ఖర్చు విడతలు చేయిస్తుంది. ఎత్తనివాళ్ల కాగితాలు అడుగు సొరుగులోకి పోతాయి. వాళ్లు కూడా చివరికి వస్తారు, కానీ బుగ్గ వాచిపోయి వస్తారు. సిమెంటు నింపితే సరిపోయే పన్నును పీకించుకుని వెళ్తారు. నొప్పిగా ఉన్నప్పుడే రండమ్మా, వాపు దాకా ఆగకండి అని ఎంతమందికి చెప్పిందో. అంతమందికి చెప్పిన మనిషి తన ఇంట్లో, తన వంటింట్లో, ఫోన్ ఎత్తని వాళ్ల వరసలో పొట్ట మీద పాకుతోంది. ఆమెకు సిగ్గు వేయలేదు. నవ్వొచ్చింది. నవ్వొచ్చాక నేల మీద ఉండటం కష్టం.

లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, సోఫా పక్కనుంచి నడిచి వెళ్లి తలుపు తీసింది.

హెల్మెట్టు హెల్మెట్టు తీశాడు. లోపల బట్టతల, తల కింద నిద్ర చాలని కళ్లు, చేతిలో జిగురు డబ్బా. ఇన్నాళ్లూ తాము దాక్కున్నది ఈ మనిషికా అనుకుంది ఆమె. లోపలికి రమ్మంది. కుర్చీ చూపించి, వెనక్కి తిరిగి, "ఓ గ్లాసు మంచినీళ్లు తీసుకురండి" అంది సోఫాతో.

సోఫా లేచి వంటింట్లోకి వెళ్లింది. కర్టెన్ దగ్గింది. వచ్చినతను ఎక్కువ ఆశ్చర్యపోలేదు. ఇలాంటి ఇళ్లు అతనికి అలవాటే కాబోలు.

అతను చూపించిన కాగితం మీద ఆయన పేరు పక్కనే ఆమె పేరు ఉంది. పూర్తి పేరు, తప్పుల్లేకుండా. ఆ ఇంటి గుమ్మానికి ఆమె పేరు ఎక్కబోయింది మొట్టమొదటగా జప్తు కోసమన్నమాట. ఇది మేం చేతికి తీసుకోకపోతే చెల్లదటగా అని అడిగింది. అలా చాలామంది అనుకుంటారు మేడమ్, తలుపుకి అంటిస్తే తలుపు పుచ్చుకున్నట్టే లెక్క అన్నాడు అతను. మనుషులు ఉన్నారు, మాట్లాడారు, వస్తామన్నారు అని తాను రాసుకోగలనని, తన చేతిలో ఉన్నది అంతేనని, రేపే బ్యాంకుకు వెళ్లి అప్పుల విభాగంలో మేడమ్‌ను కలవమని చెప్పాడు. నీళ్లు తాగాడు. జిగురు డబ్బా మూత బిగించుకుని వెళ్లిపోయాడు.

అత్తగారు కర్టెన్ లోంచి బయటపడి, వీధంతా చూసింది, పరువు పోయింది అమ్మాయ్ అన్నారు. పరువు సంగతి తర్వాత చూద్దాం అత్తయ్యా, ముందు బరువు దించుకుందాం అని ఆమె కుక్కర్ మూత తీసింది. అడుగు కొద్దిగా మాడింది. మిగతాదంతా బాగానే ఉంది.

మర్నాడు సగం పూట సెలవు పెట్టి, జీతం కాగితాలు పట్టుకుని ఒక్కతే వెళ్లింది. ఆయన రానన్నాడు. బతిమాలుకోవడానికి నేను రాను అన్నాడు. అప్పుల విభాగంలో ఉన్న అధికారి కళ్లజోడు పైనుంచి చూసి, మీవారు రాలేదా అని అడిగింది. లేరని చెప్పించుకోవడం ఆయనకు అలవాటండీ, నేను ఉన్నాను, నాతో మాట్లాడండి అంది ఆమె. కళ్లజోడు కిందికి దిగింది.

మాట్లాడితే ఇన్ని దారులున్నాయని ఆమె అనుకోలేదు. గడువు పొడిగిస్తే నెల వాయిదా తగ్గుతుంది. కొన్ని నెలలు వడ్డీ మాత్రం కట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. ఎగ్గొట్టినదంతా చివర్న కలిపించుకోవచ్చు. కానీ స్థిరమైన జీతం ఒకటి చూపించాలి, ఇప్పుడే కొంత కట్టాలి. ఏదీ కుదరకపోతే వేలానికి ముందే మీ అంతట మీరు అమ్ముకోండి, అప్పు పోను చేతిలో కాస్త మిగులుతుంది అని కూడా ఆ అధికారి దాచకుండా చెప్పింది. వేలం వేస్తే మాకొచ్చేది తక్కువ, మీకు మిగిలేది కట్టుబట్టలు, మాకు మాత్రం మీ ఇంటి గిన్నెలు లెక్కపెట్టాలని సరదానా అంది. ముందే వచ్చుంటే ఇంకా తేలిగ్గా పోయేదని కూడా అంది. ఆ మాట ఆమె పళ్ల ఆసుపత్రిలో ఎన్నోసార్లు అన్న గొంతుతోనే అంది.

అధికారి వేలు కాగితం మీద ఇక్కడ, ఇక్కడ అని నడవబోయింది. ఆగండి, చదివి సంతకం పెడతాను అంది ఆమె. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. అర్థం కానిచోట ఆగి అడిగింది. అధికారి టీ చల్లారిపోయింది. అయినా ఆవిడ ఏమీ అనుకోలేదు, ఇంకో టీ తెప్పించి అందులో సగం ఆమెకు పోసింది.

ఇంటికి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పింది. గడువు పొడిగించి వాయిదా తగ్గించడానికి బ్యాంకువాళ్లు ఒప్పుకున్నారు. ఇకమీదట తన జీతం తన ఖాతాలోనే పడుతుంది, వాయిదా అక్కణ్ణుంచే కోసుకుంటారు. ఇప్పుడు కట్టాల్సిన మొత్తానికి మేడ మీది యంత్రాలన్నీ అమ్మేయాలి, ఖాళీ అయిన గది అద్దెకివ్వాలి. ఆయన ఏదో ఒక ఉద్యోగం వెతుక్కోవాలి, దొరికేదాకా సాయంత్రం వంట ఆయనది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత మొహం ఎర్రగా చేసుకున్నాడు, చివరికి నాకు చెప్పకుండా నా ఇంటి గురించి నువ్వెలా సంతకం పెడతావు అన్నాడు.

"మన ఇల్లు. కాగితం మీద ఎప్పుడో మనదే. నోటితో అనడమే మీరు వాయిదా వేస్తూ వచ్చారు."

అత్తగారు ఏదో అనబోయి, కొడుకు మొహం చూసి, కోడలి మొహం చూసి, అమ్మాయ్, ఆ నడిచే యంత్రం ఒకటి ఉంచండి, బట్టలారేసుకోవడానికి బాగుంటుంది అన్నారు. సరేనంది ఆమె. ఆ యంత్రం ఇల్లంతటికీ సుపరిచితం, ముఖ్యంగా ఆమెకు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచుతుంది.

యంత్రాలు ఒక్కొక్కటే మెట్లు దిగాయి. ప్రతిదాని వెనకా ఆయన, సొంత బిడ్డను సాగనంపుతున్నట్టు గేటు దాకా వెళ్లి వచ్చాడు. ఉద్యోగం ఇంకా దొరకలేదు. వంట మాత్రం దొరికింది. మొదట్లో ఉప్పు రెండుసార్లు వేసేవాడు, తర్వాత అసలు మర్చిపోయేవాడు. ఇప్పుడు ఒకసారే వేసి, సరిపోయిందా అని అడుగుతున్నాడు. బాగుంటే బాగుందంటోంది, లేకపోతే లేదంటోంది. అనిపించింది అనేయడం ఇంత సుఖంగా ఉంటుందని ఇన్నాళ్లూ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, కాళ్లు ఎదురు కుర్చీ మీద పెట్టుకుంది. ఆయన కుక్కర్ పెట్టి హాల్లోకి వచ్చాడు. గంట మోగింది. పాత అలవాటు కొద్దీ ఆయన చెయ్యి ఫ్యాన్ స్విచ్చు మీదికి పోయింది. అత్తగారు కర్టెన్ వైపు ఒక అడుగు వేశారు. ఇద్దరూ ఆమె వైపు చూశారు.

ఆమె కాళ్లు దించలేదు.

"తియ్యండి" అంది.

ఆయన తలుపు తీశాడు. బయట ఒక జంట నిలబడి ఉన్నారు. గది అద్దెకుందని విన్నాం, ఇంటి ఓనరుతో మాట్లాడాలి, ఉన్నారా అని అడిగారు. ఆయన నోరు తెరిచి, వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. లోపల కుక్కర్ గట్టిగా కూత పెట్టింది. దాని నోరు మూయించడానికి ఎవరూ పరుగెత్తలేదు.

"ఉన్నారండీ" అన్నాడు ఆయన, పక్కకు జరిగి దారిస్తూ. "లోపలే ఉన్నారు, రండి."